టోఫు తొట్టెలో అల

రియోగోకులో సుమో తాలింఖానా గోడకు ఆనుకునే సుమీ అనే పెద్దావిడ సోయాపాల జున్ను, టోఫు, అమ్మే కొట్టు ఉంది. అవతల మల్లుడు తోబిషిమ కాలెత్తి నేల తొక్కితే ఇవతల ఆమె టోఫు దిమ్మలు ఉంచే తొట్టెలో నీళ్ళు కదులుతాయి. అతని ఎడమ మోకాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచి, ఎనిమిది నెలలుగా, కుడికాలికే అల లేస్తోంది. “ఇవాళ కూడా ఒంటికాలి అలేనయ్యా” అని ఆమె రోజూ ఏడిపిస్తుంది. ఎడమకాలిని అతను అరువు తెచ్చిన గాజుగిన్నెలా దించుతాడు. నూట అరవై కిలోల మనిషి, మెట్లు పక్కవాటుగా దిగుతాడు. కూర్చునే ముందు మోకాలి చిప్పను అరచేత్తో మూసి, పసిబిడ్డను జోకొట్టినట్టు రెండుసార్లు తడతాడు. నిరుడు పైనుంచి రెండో హోదా అతనిది. దిగని ప్రతి పోటీకీ హోదా పడిపోతూ వచ్చింది; ఇంకొక్క పోటీకి దూరమైతే పైవాళ్ళ తెల్ల నడికట్టు విప్పి, కిందివాళ్ళ నల్ల నడికట్టు కట్టుకోవాలి.

పోటీలకు పన్నెండు రోజులున్నాయనగా, పొద్దున్నే కుడి అడుగు పడింది. తొట్టె తొణికింది. సుమీ కత్తి పట్టుకుని అలాగే ఆగింది. ఎడమ అడుగు పడింది. నీళ్ళు అంచు దాటి ఆమె పాదాల మీద పడ్డాయి, టోఫు దిమ్మ ఒకటి నిలువునా చీలింది. చీలిన దిమ్మను పళ్ళెంలో పెట్టుకుని ఆమె తడికాళ్ళతోనే తాలింఖానా గుమ్మంలోకి పరుగెత్తింది.

“ఏమయ్యా, నా సరుకంతా నాశనం చేస్తావా?”

తోబిషిమ చెమటలు కక్కుతూ పళ్ళెం వంక చూశాడు. “ఏ కాలికి, పెద్దమ్మా?”

“ఎడమకాలికి.”

అతను ఎడమకాలు భుజం ఎత్తుకు లేపాడు.

“పళ్ళెం గట్టిగా పట్టుకో” అన్నాడు.