పళ్ళెం మోగితే మౌసు మారాలి

ఏడో తరగతి నన్ను రెండేళ్లు భరించి, ఇక నీ దారి నువ్వు చూసుకో అంది. అలాంటి నాకు టెక్కలిలో కంప్యూటరు సెంటర్లో ఉద్యోగం దొరికింది. నాది తలతో చేసే పని కాదు, కాలితో చేసేది. కరెంటు పోతే జనరేటరును తన్నాలి. మొరాయిస్తే ఇంకోటి తన్నాలి. అక్కడ నేను నేర్చుకున్న సాంకేతిక విద్య అంతవరకే.

కొత్తగా చేరినవాళ్లకు మొదట్లో ఒక సారు చెప్పేవాడు. ఆయన పాఠం తుపాకీతో మొదలయ్యేది. తెర మీద నడిచేవాణ్ణి కాల్చాలి, ఎంతమంది చచ్చారో లెక్కపెట్టే ప్రోగ్రాం రాయాలి. మగపిల్లలు కేకలు పెడుతూ మీటలు ఊడేలా బాదేవారు. ఇద్దరికొక కంప్యూటరు. మౌసు అబ్బాయి చేతిలో, నోటుపుస్తకం అమ్మాయి చేతిలో. అమ్మాయి మౌసుకి చెయ్యి చాపితే మోచేత్తో డొక్కలో ఒక పోటు. నెల తిరక్కుండా అమ్మాయిల కుర్చీలు ఖాళీ. ఆడపిల్లల బుర్రకి ఇది ఎక్కదని సారు తేల్చేశాడు. డొక్కలో పోట్లు తింటూ ఎవరి బుర్రకి ఎక్కుతుంది? నేనన్ని తన్నులు తన్నినా జనరేటరుకే ఏమీ ఎక్కలేదు.

ఆయన వెళ్లిపోయాక పలాస నుంచి ఒక మేడం వచ్చింది. తుపాకీ ఆట తీసేసింది. మీ ఇళ్లలో లెక్క ఎవరు చూస్తారని మొదటిరోజే అమ్మాయిల్ని అడిగింది. భావనపాడు నుంచి బస్సులో వచ్చే ఒక పిల్ల లేచి, తమ ఊళ్లో పడవ ఇసుకను తాకేదాకానే మగవాళ్ల మాట అని, ఆ తర్వాత చేపలకి ధర కట్టేదీ, పాట నడిపేదీ ఆడవాళ్లేనని చెప్పింది. పాటంటే వేలంపాట. మేడం దాన్నే మొదటి పాఠం చేసింది. ఒక్కొక్కరు పాడిన ధర కంప్యూటరు తీసుకోవాలి, అన్నిటికంటే పెద్దదాన్ని పట్టి ఉంచాలి, చివర్లో చూపించాలి. ఆ రోజు మా ఉద్దానం వైపు అమ్మాయిల వేలంపాటల కేకలు విన్నాక నాకు తుపాకులే నయమనిపించాయి. ఒక్క కుర్చీ ఖాళీ అయితే ఒట్టు.

మేడం ఇంకో నియమం పెట్టింది. క్లాసు సగమయ్యాక నేను స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టాలి. అప్పుడు మౌసు చేతులు మారాలి.

భావనపాడు పిల్ల పక్కన కూర్చునేది ఆమె మేనబావే. పెళ్లిమాట ఎవరూ ఎత్తలేదు గాని, అతను మాత్రం అప్పుడే తాళి కట్టేసినట్టు ఉండేవాడు. ఏ గొడవైనా ఇంటిదాకా వస్తే చదువు మాన్పించేస్తానని తల్లి ఆ పిల్లకి ముందే చెప్పి పంపింది. అందుకని ఆమె చాలారోజులు పళ్ళెం మోగినా చెయ్యి చాపలేదు.

ఒకరోజు చాపింది. అతను ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. వినిపించలేదేమోనని నేను మళ్లీ కొట్టాను. పోట్లగిత్త ముందు డప్పు కొట్టడం నాకు పుట్టుకతో వచ్చిన తెలివి. అతను లేచి వచ్చి, పళ్ళెం లాక్కుని, దాని అంచుతో నా కనుబొమ మీద కొట్టాడు. ఎముక దాకా తెగింది. రక్తం కంట్లోకి దిగి గదంతా ఎర్రబడింది. అతను వెనక్కి తిరిగి ఆ పిల్ల జడ పట్టుకుని గుమ్మం వైపు ఈడ్చాడు.

“లెగిసి నడవే. సదువూ లేదు, ఏటీ లేదు.”

ఆ పిల్ల టేబులు కాలు పట్టుకుంది. మానిటరు జారి నేల మీద పడి పగిలింది. మోకాళ్లు గీరుకుపోయి గచ్చు మీద నెత్తుటి చారలు పడ్డాయి. చేతికందిన కీబోర్డుతో అతని ముఖం మీద కొట్టింది. మీటలు వడగళ్లలా రాలాయి. రెండో దెబ్బకి అతని పన్ను కూడా వాటిలో కలిసింది. తర్వాత ఊడ్చేటప్పుడు ఏది మీటో ఏది పన్నో చూసుకుని ఎత్తాల్సి వచ్చింది.

మగపిల్లలు గోడకి అంటుకుపోయారు. అమ్మాయిలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. మేడం ఫోను చేస్తే, టెక్కలి మార్కెట్లో చేపలమ్ముతున్న ఆ పిల్ల తల్లి చేతులకి పొలుసులతోనే వచ్చింది. మేనల్లుడి నోరు చూసింది, కూతురి మోకాళ్లు చూసింది. ముందు కూతుర్ని చెంపమీద ఒకటి కొట్టింది. చదువు అయిపోయిందనుకున్నాను. తర్వాత మేనల్లుడి చొక్కా పట్టుకుని తల గోడకేసి కొట్టింది. మళ్లీ ఈ గుమ్మం ఎక్కితే కాళ్లు విరుస్తానని చెప్పి మెట్లమీదికి తోసేసింది. కూతురు ఏడుస్తూ సంచి సర్దుకుంటోంది.

“ఏటి సర్దుతున్నావు? పాట మద్దిన ఒగ్గేసి ఒచ్చీసిన ఆడది మనింట్లో ఉందేటి? కూకో.”

పిల్ల పక్క కంప్యూటరు ముందు కూర్చుంది. మౌసు తన వైపు లాక్కుని, ఆగిపోయిన పాట ప్రోగ్రాం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

కుట్లు విప్పించుకుని వచ్చిన రోజున నేను అందరికీ నా మచ్చ చూపించాను. ఈ సెంటర్లో ఆడపిల్లలు నిలబడ్డారంటే నేను తిన్న దెబ్బ వల్లేనని, గుమ్మం మీది బోర్డుకి నా పేరు పెట్టాలని అన్నాను. ఆ పిల్ల తెర మీంచి చూపు తిప్పలేదు.

“దెబ్బలు తిన్నోల్లకి పేరెట్టీటట్టయితే మావా, మా ఇంట్లో ఆడోల్ల పేర్లకే నీ బోర్డు సాల్దు.”