ఎనిమిది సాకెట్ల పెట్టె

మా నాన్న షాపు బోర్డు మీద ‘మోటారు వైండింగ్ వర్క్స్’ అని ఎర్రటి అక్షరాలుండేవి. వాటి పక్కన మూరెడు ఖాళీ. పెయింటరు కొలత తప్పాడో, తర్వాత ఇంకేమైనా రాయించుకుంటారని వదిలాడో తెలియదు గానీ, పాలకొల్లు మార్కెట్ వీధిలో ఆ ఖాళీని నాలాగా చూసినవాళ్లు ఇంకెవరూ ఉండరు. అక్కడ ‘ఎలక్ట్రానిక్స్’ అన్న మాట చేర్పించాలని నా కోరిక.

అడిగినప్పుడల్లా నాన్న కాలిపోయిన మోటారులోంచి రాగి తీగ లాగుతూ ఒకటే అనేవారు. “నువ్వు చేసిందేదన్నా ఒకటి చెరువు గట్టు మీద నిలబడనియ్యమ్మలూ. ఆ రోజే పెయింటర్ని పిలుద్దాం. ముందే రాయించుకుంటే జనం చేత మాట పడాలి.”

నాకున్న చదువల్లా గ్రంథాలయం చదువు. ఇంటర్‌తో కాలేజీ ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు. మా శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్క బీరువాలో ఇంగ్లిష్ ఎలక్ట్రానిక్స్ పత్రికలు ఏడాదికొక బైండు చొప్పున వరసగా ఉండేవి. ఎవరో ఇంజనీరుగారు బదిలీ మీద వెళ్తూ ఇచ్చేసినవట. మొదటిసారి ఒకటి తీసినప్పుడు గ్రంథాలయం చూసే ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, “నవలలు ఇటువైపమ్మా” అన్నారు.

“ఇవేనండీ కావాలి.”

“ఇవా! వీటిని చెదపురుగులు తప్ప ఇంకెవరూ చదవలేదమ్మా ఇన్నాళ్లూ” అని నవ్వి, నా కోసం ఒక కుర్చీని ఫ్యాను కిందికి జరిపారు.

ఆ కుర్చీలో కొన్నేళ్లు కూర్చున్నాను. ఒక చేతి కింద పత్రిక, ఇంకో చేతి కింద నిఘంటువు. ట్రాన్సిస్టరు అంటే ఏమిటో తెలియడానికి ఒక వేసవి పట్టింది. అర్థమైన రోజున సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వెళ్తుంటే కాలువ గట్టు పొడవునా నన్నెవరో ఊరేగిస్తున్నట్టు అనిపించింది. పత్రికల్లో దొరకని సంగతుల కోసం రాజమండ్రి వెళ్లేదాన్ని. కొత్త శతాబ్దం అప్పుడే మొదలైంది. అక్కడి నెట్ సెంటర్లో చిప్పుల వివరాలు అచ్చు వేయించుకుని, బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకుని చదువుకుంటూ తిరిగొచ్చేదాన్ని.

నా చదువుకు పరీక్ష పెట్టింది ప్రెసిడెంటుగారు. ఆయన పంచాయతీ ప్రెసిడెంటుగా దిగిపోయి చాలా కాలమైనా ఆ పిలుపు మాత్రం దిగలేదు. వరి చేలు తవ్వించి రొయ్యల చెరువులు చేసినవాళ్లలో ఆయనొకరు. ఒకే గట్టు మీద ఎనిమిది చెరువులు, అన్నిటికీ కలిపి ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. ప్రతి చెరువులోనూ నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఉంటాయి. అవి ఎక్కువసేపు ఆగితే రొయ్యలకు ఊపిరాడదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కాపలా మనిషి గట్టు వెంట పరిగెత్తి ఒక్కో స్టార్టరూ వేసుకుంటూ రావాలి.

“నీ పుస్తకాల్లో దీనికేదన్నా మందుందా అమ్మాయ్?” అన్నారాయన, రిపేరుకు తెచ్చిన మోటారు మీదే కూర్చుని.

“ఉందండి. కరెంటు రాగానే మూడు ఫేజులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, దానంతటదే మోటార్లు వేసే ప్యానెల్ చేస్తాను.”

“చెయ్యి. ఈసారి రొయ్య పిల్ల వదిలేలోగా బిగించాలి. పని చేస్తే నావే కాదు, మా బావమరుదుల చెరువులన్నిటికీ నువ్వే. చెయ్యకపోతే మాత్రం విప్పుకుని పట్టుకెళ్లిపోవాలి. మొహమాటాల్లేవ్.”

చెరువుకొక ప్యానెల్. ఒక్కోదానికీ ప్రాణం ఒక ఫ్లాష్ మైక్రోకంట్రోలర్. ఇరవై కాళ్ల చిన్న నల్ల చిప్పు. ఏం చేయాలో మనం కంప్యూటర్లో రాసి అందులోకి ఎక్కిస్తే, కరెంటు పోయినా మరిచిపోదు. నా పాత పత్రికల్లో ఉన్న చిప్పులను చెరపాలంటే అతినీలలోహిత దీపం కింద పెట్టి ఎదురుచూడాలి. ఈ ఫ్లాష్ రకం అలా కాదు, రెప్పపాటులో చెరిగిపోతుంది, మళ్లీ రాసుకోవచ్చు. ఎక్కించే పెట్టెను ప్రోగ్రామర్ అంటారు. ఒక్క చిప్పు పట్టే ప్రోగ్రామర్‌ను అప్పటికే చేసి, సెకండ్ హ్యాండ్ కంప్యూటరు ప్రింటర్ పోర్టుకు తగిలించుకున్నాను.

చిక్కు ప్రెసిడెంటుగారి కోరికలతో వచ్చింది. ఒక రోజు “ఒక ఫేజు పోతే వెంటనే ఆపెయ్యాలి” అన్నారు. మర్నాడు “వెంటనే వద్దు, కాస్త చూసి ఆపాలి” అన్నారు. ఆ తర్వాత గంట మోగాలన్నారు. మాట మారినప్పుడల్లా ఎనిమిది చిప్పులనూ స్క్రూడ్రైవరుతో లేపి, ఒక్కొక్కటే పెట్టి చెరిపి, రాసి, సరిచూసి, మళ్లీ గుచ్చాలి. కాళ్లు వంగేవి. వంగిన కాలును సరిచేస్తే విరిగేది. నాన్న చూసి చూసి, “ఆయన మాట మార్చడం ఆపడు. నీ పెట్టెనే మార్చుకో” అన్నారు.

ఆ మాట నాకు బాగా పట్టింది. ఒకేసారి ఎనిమిది చిప్పులు రాసే ప్రోగ్రామర్ చేద్దామనుకున్నాను.

కాగితం మీద తేలికగానే కనిపించింది. లివరు ఎత్తి దించితే చిప్పును పట్టుకునే సాకెట్లు ఎనిమిది విజయవాడ నుంచి తెప్పించాను. సమాచారం మోసే తీగలు అన్నిటికీ ఉమ్మడిగా ఇచ్చాను. ఒకసారి చెబితే ఎనిమిదీ వింటాయి. కానీ సరిగ్గా రాసుకున్నాయో లేదో అడిగేటప్పుడు మాత్రం ఒక్కోదాన్నీ విడిగా పిలవాలి. అందరినీ ఒక్కసారి అడిగితే గొంతులన్నీ కలిసిపోతాయి. అందుకని ప్రతి సాకెట్‌కూ పిలుపు తీగ ఒకటి వేరుగా లాగాను.

మొదటిసారి ఎక్కించినప్పుడు మొదటి సాకెట్లు బాగానే పలికాయి. చివరి మూడూ చెత్త చదివాయి. చిప్పులు మార్చాను, అవే మూడు చోట్ల అదే చెత్త. మర్నాడంతా అతుకులు చూశాను. ఎక్కడా తప్పు లేదు. అప్పుడు తట్టింది, ఇది మాకు బాగా తెలిసిన జబ్బే. తూము దగ్గర చేలు మునిగిపోతున్నా శివారు చేలకు నీళ్లందవు. నా తీగల్లోనూ అంతే. కంప్యూటరు నుంచి వచ్చే బలం మొదటి సాకెట్ల దగ్గరే ఇంకిపోతోంది. మధ్యలో సంకేతాలకు బలమిచ్చే బఫర్ చిప్పు ఒకటి పెట్టి, ఒక్కో సాకెట్ పక్కనా చిన్న కెపాసిటర్ అతికాను. మళ్లీ ఎక్కించాను. ఎనిమిది ఆకుపచ్చ దీపాలు వరసగా వెలిగాయి.

“నాన్నా!” అని కేకేశాను. ఆయన వార్నిష్ చేతులతోనే వచ్చి చూశారు.

“ఎనిమిదీ ఒక్కసారేనా?”

“ఒక్కసారే. అచ్చు గుద్దినట్టు ఎనిమిదీ ఒకటే. వెంట్రుకవాసి తేడా ఉండదు.”

ఆ తేడా లేకపోవడం గురించి గ్రంథాలయంలో కూడా చెప్పాను. తెగ మురిసిపోయాను.

ప్యానెళ్లు బిగించిన రోజునే చెరువుల్లో రొయ్య పిల్ల వదిలారు. మధ్యాహ్నం కోత వేళకు కరెంటు పోయింది. ప్రెసిడెంటుగారు షెడ్డులో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాపలా మనిషి ఆ రోజు పరిగెత్తే పని లేదని తువ్వాలు పరుచుకుని నడుం వాల్చాడు. నేనూ నాన్నా గట్టు మీద నిలబడ్డాం. కరెంటొచ్చింది. ప్యానెళ్ల మీద దీపాలు వెలిగాయి. నేను రాసినట్టే కాసేపు ఆగి, ఫేజులు చూసుకుని, ఎనిమిది చెరువుల్లో ఏరియేటర్లన్నీ ఒక్క ఉదుటున కదిలాయి. ఆ మరుక్షణమే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఢామ్మని మోత. ఫ్యూజులు ఎగిరిపోయాయి. అన్నీ ఆగిపోయాయి.

కాపలా మనిషి లేచి కూర్చుని, “నా ఉద్యోగం పదిలమేనన్నమాటండి” అన్నాడు.

“ఏంటమ్మా ఇది!” అన్నారు ప్రెసిడెంటుగారు. “మోటార్లు వేసే మిషను చెయ్యమన్నానా, బాంబు చెయ్యమన్నానా? పొరపాట్న బాణసంచా పుస్తకం గానీ చదివావా ఏంటి?”

“తప్పెక్కడుందో చూస్తానండి.”

“ఎల్లుండి దాకా చూడు. చెరువుల్లో ప్రాణాలున్నాయి. ఆ తర్వాత ఈ పెట్టెలు నా గట్టు మీద ఉండటానికి వీల్లేదు.”

నాన్నా నేనూ ఇంటిదారి పట్టాం. మోటారు కదిలే క్షణంలో నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుందని నాకు చిన్నప్పటి నుంచీ చెప్పింది ఆయనే. దారిలో అదే తలుచుకుంటూ ఉంటే సంగతి విడిపోయింది. కాపలా మనిషి ఒక స్టార్టరు వేసి, గట్టు వెంట నడిచి ఇంకోటి వేసేవాడు. ఇన్నాళ్లూ ఫ్యూజును కాపాడింది ఆ నడక. నా ఎనిమిది చిప్పులూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండటంతో, ఒకే క్షణంలో ఎనిమిదీ ఉరికాయి. నేను మురిసిపోయిందే ఫ్యూజు ఎగరగొట్టింది.

ఒక్కో చిప్పుకు ఒక్కో రకంగా రాస్తే సరిపోతుంది. కానీ అందరికీ ఒకే మాట చెప్పే పెట్టెతో ఒక్కొక్కరికీ వేరు మాట చెప్పించడమెలా? మళ్లీ ఒక్క చిప్పు పెట్టెకు వెళ్లిపోతే నా కష్టమంతా బూడిదే.

మర్నాడు పొద్దున్న కాలిన మోటారు ఒకటి చెరో వైపూ పట్టుకుని ఇద్దరు రైతులొచ్చారు. అన్నదమ్ముల పిల్లలు. దాళ్వా పంటకు నీళ్లు తక్కువై కాలువ వంతుల వారీగా వదులుతున్న రోజులవి. మోటారు దించకముందు నుంచే పోట్లాట.

“నీ వంతు నిన్నే అయిపోయింది కదా, మళ్లీ తూమెందుకెత్తావ్?”

“నా వంతులో కాలువకి నీళ్లొచ్చాయేంట్రా? బురదొచ్చింది!”

“అయితే బురదతోనే తడుపుకో. వంతంటే వంతే. లస్కరు కాలువ వదిలేది అందరికీ, తూమెత్తేది ఎవరి వంతుకి వాళ్లు.”

నా చేతిలో టంకం పుల్ల అలాగే ఆగిపోయింది. కాలువ ఉమ్మడి, తూము ఎవరిది వాళ్లది. నా పెట్టెలోనూ సమాచారం తీగలు ఉమ్మడివే, పిలుపు తీగలు మాత్రం ఎవరివి వాళ్లవి. వాటిని సరిచూడటానికే అనుకున్నాను గానీ, రాయడానికి మాత్రం ఎందుకు పనికిరావు?

“ఏంటమ్మా, మా గొడవ చూసి నవ్వుతున్నావ్?” అన్నాడు పెద్దాయన.

“మీ గొడవ చాలా బాగుందండీ, ఇంకాసేపు పోట్లాడుకోండి” అని లోపలికి పరిగెత్తాను.

ప్రోగ్రాం మార్చాను. ముందు అందరికీ ఉమ్మడి పాఠం. అందులో చివర ఒక్క గడి మాత్రం రాయకుండా ఖాళీగా వదిలాను. ఫ్లాష్‌లో ఖాళీ గడిని చెరపకుండానే తర్వాత నింపుకోవచ్చని రాజమండ్రి కాగితాల్లో చదివింది గుర్తుంది. పాఠం అయ్యాక ఒక్కో సాకెట్‌నూ విడిగా పిలిచి, ఆ ఖాళీ గడిలో దాని వంతు నంబరు రాయించాను. కరెంటొచ్చాక తన నంబరును బట్టి ఆగి కదలాలన్నది ఉమ్మడి పాఠంలోనే ఉంది. లివర్లు దించి మీట నొక్కాను. ముందు ఎనిమిది దీపాలూ కలిసి వెలిగాయి. ఆ తర్వాత ఒకటి, పక్కది, ఆ పక్కది, వరసగా రెప్పలు వేశాయి. ఎంతసేపు చూసినా తనివి తీరక ఊరికే ఇంకోసారి రాయించాను.

గడువు రోజున మళ్లీ అదే గట్టు, అదే మధ్యాహ్నం కోత. ప్రెసిడెంటుగారు ఈసారి కుర్చీని ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా వేయించుకున్నారు. కాపలా మనిషి చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు. “ముందు జాగ్రత్తండి, ఏమనుకోకండి” అన్నాడు.

కరెంటొచ్చింది. దీపాలు వెలిగాయి. ఏమీ కదల్లేదు. నాన్న నా వైపు చూశారు. అంతలో గట్టు చివర, అందరికంటే దూరపు చెరువులో నీళ్లు తెల్లగా లేచాయి. కాసేపాగి దాని ఇవతలి చెరువు. తర్వాత ఇంకోటి. తెల్లటి నురగ చెరువు చెరువుకూ మా వైపు నడిచి వచ్చింది. ట్రాన్స్‌ఫార్మరు కిక్కురుమనలేదు. కాపలా మనిషి చెవుల్లోంచి వేళ్లు తీసి, “అచ్చం నా నడకేనండి!” అని అరిచాడు.

షెడ్డు పక్క చెరువు ఇంకా కదల్లేదు. ప్రెసిడెంటుగారు లేచారు. “అన్నీ వేసి నా ముందున్నదే ఆఖర్న పెట్టావేంటమ్మాయ్?”

“శివారుకి ముందు వంతండి. మీరు ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు కాలువ మీద అలాగే ఇప్పించారట కదండీ.”

ఆయన నోరు తెరిచేలోగా ఆ చెరువూ కదిలి, గాలివాటుకు నీటి తుంపర ఆయన చొక్కా మీద పడింది. తుడుచుకుంటూ పడీ పడీ నవ్వారు. “నా వంతుల లెక్క నాకే అప్పజెప్పావుగా! సరే, మా బావమరుదులకి ఇవ్వాళే కబురు పెడతాను. నీ పెట్టెకి ఎనిమిది సాకెట్లు చాలవేమో చూసుకో.”

నాన్న అక్కడ లేరు. చూస్తే గట్టు వెంట ఒక్కో చెరువు దగ్గరా ఆగి, చెవి వంచి మోటార్లు వింటూ పోతున్నారు. చివరిదాకా వెళ్లి, అంతే నెమ్మదిగా తిరిగొచ్చారు.

“ఒక్కటీ గొణగట్లేదమ్మలూ” అన్నారు. సైకిలు స్టాండు తీస్తూ, “ఈ వేళప్పుడు పెయింటరు ఇంట్లోనే ఉంటాడంటావా?” అని అడిగారు.

ఉన్నాడు. సాయంత్రానికి నిచ్చెన వేశాడు. ఖాళీ మూరెడే కావడంతో ‘ఎలక్ట్రానిక్స్’లో చివరి అక్షరానికి చోటు చాలక, దాన్ని కాస్త చిన్నగా చెక్క అంచు మీదికి రాశాడు. మళ్లీ రాయిస్తానన్నారు నాన్న. వద్దన్నాను. ఆ వీధిలో ఎటు నుంచి వచ్చినా నాకు ముందుగా కనిపించేది ఆ అక్షరమే.