రత్నం గారంటే ఇంకెవరో అనుకున్నాను

నిన్న పొద్దున ఆఫీసు గ్రూపులో మెసేజ్.

"మన రత్నం గారు ఇక లేరు. రాత్రి హార్ట్ ఎటాక్."

అయ్యో అనుకున్నాను. ఉండిలో మా డీలర్ ఒకాయన ఉన్నారు, రత్నం గారని. బాగా పెద్దాయన. ఆయనే పోయారనుకుని పలకరిద్దామని వెంటనే వాళ్ళింటికి ఫోన్ చేశాను.

ఫోన్ ఆయనే ఎత్తారు.

"ఏమ్మా, పొద్దున్నే చేశావు? లోడు రావట్లేదా ఏంటి?"

ఏదో సర్దిచెప్పి పెట్టేశాను. మళ్ళీ గ్రూపు తెరిచేసరికి కింద ఫోటో పెట్టారు.

మా జీవరత్నం అన్నయ్యగారు.

నా పక్క టేబుల్ మనిషి. రోజూ చూసే మనిషి. ఆ పేరు పక్కన "గారు" ఉండేసరికి నాకు ఆయన తట్టనే లేదు. మా ఆఫీసులో ఆ రెండు మాటలూ కలిసి ఎప్పుడూ వినలేదు మరి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. తాడేపల్లిగూడెంలో మాది రొయ్యల మేత కంపెనీ బ్రాంచి. నేను బిల్లింగ్. అన్నయ్యగారు ఫీల్డ్ టెక్నీషియన్. చెరువుల మీదకి వెళ్ళి, నీళ్ళు చూసి, రొయ్య చూసి, మేత ఎంత వెయ్యాలో రైతుకి చెప్పడం ఆయన పని. బ్రాంచిలో అందరికంటే సీనియర్.

మన గోదావరి వాళ్ళ సంగతి మీకు తెలిసిందే. కుక్కని అదిలించినా "వెళ్ళండి" అంటాం.

మా వాచ్‌మన్ సూర్రావు గారు. టీ తెచ్చే ఆయనా గారే. నిన్నగాక మొన్న చేరిన ట్రైనీ కూడా గారే.

ఈయనొక్కరే "రత్నం".

ఎవరూ తిట్టలేదు. ఒరేయ్ అనలేదు. చాలా మెత్తగా, నవ్వుతూ, "రత్నం, ఓసారి ఇలా రా."

కారణం కులం. ఇంకా డొంకతిరుగుడు ఎందుకు?

నేను చేరిన రోజున అలవాటు కొద్దీ "అన్నయ్యగారూ" అని పిలిస్తే, ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఇంకెవరినో అనుకున్నారట.

ఆ మధ్య మేనేజర్ పోస్టు ఖాళీ అయింది. ఆయనకే వస్తుందనుకున్నాం. రాలేదు. "రైతులు రత్నం మాట వింటారా?" అన్నారట పైవాళ్ళు. గణపవరం నుంచి ఉండి దాకా చెరువులో తేడా వస్తే రైతులు ఫోన్ చేసేదే ఆయనకి!

ఆ రోజు టిఫిన్ బాక్సు మూత తీస్తూ నాతో అన్నారు.

"పిలుపులోనే లేని మర్యాద పోస్టులో ఎక్కడి నుంచి వస్తుందమ్మా? నేను ముందు అడగాల్సింది పోస్టు కాదు."

అడిగారు. నెలాఖరు మీటింగులో, అందరూ బిస్కెట్లు తింటుంటే లేచి నిలబడ్డారు.

"చిన్న మనవండీ. జీతం గురించి కాదండీ. అందరినీ గారు అంటున్నారు కదండీ, నన్ను కూడా అనండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. బ్రాంచి హెడ్ గారు ఎంతో ప్రేమగా, "అదేంటి రత్నం! చనువు కొద్దీ అలా పిలుస్తాం. నువ్వు మా ఇంటి మనిషివి" అన్నారు.

"ఆయ్, అంతేనంటారా అండీ. మీ ఇల్లు ఏ వీధిలోనండీ? నాకింతవరకూ తెలీదు."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ తర్వాత ఎవరూ బిస్కెట్ ముట్టుకోలేదు.

హెడ్ ఆఫీసుకి కంప్లయింట్ కూడా పెట్టారు. నేనూ సంతకం చేశాను. హెచ్ఆర్ మేడమ్ వచ్చారు. పాపం ఓపిగ్గానే విన్నారు.

"తిట్టారా?"

"లేదండీ."

"కులం పేరుతో ఏమైనా అన్నారా?"

"లేదండీ."

"మరి ఏమన్నారండీ?"

"అనలేదండీ. అదేనండీ నా కంప్లయింటు."

ఆవిడ పెన్ను మూత పెట్టేశారు. పాలసీలో దీనికి హెడ్డింగ్ లేదట.

తర్వాత ఆయన రూటు మారింది. కొల్లేటికోట వైపు వేశారు. ఆ వయసులో, ఆ ఎండలో, అంత దూరం బండి మీద. పనిష్‌మెంట్ కాదట. అనుభవం ఉన్న మనిషి కావాలట. ఎంత తియ్యగా చెప్తారో!

అక్కడి రైతులు ఆయన్ని "డాక్టరు గారూ" అనేవారు. "అక్కడ అంటున్నారు కదా, ఇక్కడ అనకపోతే పోనివ్వండి అన్నయ్యగారూ" అన్నాను ఒకసారి. నాకూ విసుగొచ్చేసింది.

"వాళ్ళు నాకు జీతం ఇవ్వట్లేదు కదమ్మా. జీతం తీసుకునే చోట కావాలి మర్యాద" అన్నారు.

ఉద్యోగం మానెయ్యండి అంటే, "రిటైర్ అయ్యేలోపు ఒక్కసారి అనిపించుకునే వెళ్తాను" అనేవారు. సాయంత్రం ఆఫీసుకి వచ్చేసరికి మనిషి వడలిపోయి ఉండేవారు. మొన్న కూడా అలాగే వచ్చారు. మంచినీళ్ళు తాగి, బ్యాగు సర్దుకుని, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయారు.

ఇవాళ భూస్థాపన. ఆఫీసంతా వచ్చింది. దండ మీద పెద్ద పెద్ద అక్షరాలతో "శ్రీ జీవరత్నం గారికి" అని రాయించారు. బ్రాంచి హెడ్ గారు మైకు తీసుకుని, రత్నం గారు అలాంటివారు, రత్నం గారు ఇలాంటివారు అని చాలాసేపు మాట్లాడారు.

వదినగారు తల వంచుకుని మొత్తం విన్నారు. అయిపోయాక ఆయన దగ్గరికి వెళ్ళి, చాలా మెల్లగా అన్నారు.

"ఇంత తేలిగ్గా వస్తుందాండీ మీకు ఆ మాట? చాలా కష్టమేమో అనుకున్నామండీ ఇన్నాళ్ళూ."

ఆయన చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. అందరికీ వినబడింది.

నాకు కోపం కూడా రావట్లేదు. అలసటగా ఉంది, అంతే. రేపు ఆ టేబుల్ పక్కనే కూర్చుని బిల్లులు కొట్టాలి.

అన్నయ్యగారూ, వెళ్ళిరండి. ఇక ఎండలో తిరిగే పని లేదు, ఎవరినీ ఏదీ అడగక్కర్లేదు. దేవుడి దగ్గర హాయిగా నిద్రపోండి.