బోణీ అయిన తరువాత

గుణశేఖర్ అందగాడు కాదు, మాటకారీ కాదు. సూది గుచ్చితే నొప్పి తెలియనివ్వడన్న ఒక్క మాట మాత్రం అతని గురించి నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఎలమంచిలి పక్కన చెరకు పండించే ఊరి నుంచి విశాఖపట్నం వచ్చి, ఒక ల్యాబులో చేరాడు. తెల్లవారగానే నీలం డబ్బా భుజాన తగిలించుకుని, పరగడుపున ఉన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకురావడం అతని ఉద్యోగం. ప్రతి ఇల్లూ అతని కోసం ఎదురుచూసేది. పని కాగానే ప్రతి ఇల్లూ తలుపు వేసుకునేది. ఆ నడుమ అతన్ని కూర్చోమన్నవాళ్ళు లేరు.

ఈ పని అతనికి ఒక అలవాటును అంటగట్టింది. మనిషి ఎదురైతే ముఖం కన్నా ముందు మోచేతి మడతను చూస్తాడు. నరం పైకి తేలి ఉందా, లోతున ఉందా అని కన్ను దానంతటదే వెతుకుతుంది. సిటీ బస్సులో ఆడవాళ్ళు కొంగు చేతుల మీదికి లాక్కునేవారు. ఎందుకో చాలాకాలం అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక సంజాయిషీ ఎలా చెప్పుకోవాలో తెలియలేదు. మనిషి చూసేది ఒకటి, చూస్తున్నాడని లోకం అనుకునేది మరొకటి అయినప్పుడు తీర్పు ఎప్పుడూ లోకానిదే అవుతుంది. ఆ తీర్పుకు తలవంచి, అతడు బస్సులో కిటికీ బయటికే చూడడం నేర్చుకున్నాడు.

జాలరిపేటలో రోడ్డు పక్కన చేపలమ్మే రోజారమణి అతన్ని మొదటిసారి పిలిచింది ఒక మబ్బు పట్టిన ఉదయాన.

"బాబూ, బోణీ సేసెల్లండి. ఇంకా ఎవుర్నీ గంప ముట్టుకోనివ్వలేదు."

అతనికి చేపల బేరం చేతకాదు. అడిగినంతా ఇచ్చి, కానాగంత చేపల సంచీ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆ నోట్లను కళ్ళకద్దుకుని, గంప అంచుకు తాకించి, రొంటిన దోపుకుంది.

మర్నాడు అతడు అటు వచ్చేసరికి గంప మీద తడిగుడ్డ కప్పి ఉంది. కారు దిగిన ఒకావిడ చేపలు చూపించమంటోంది. "ఆగండమ్మా, బోణీ అవ్వాల," అంటూ రోజారమణి రోడ్డు వైపే చూస్తోంది. అతడు కనబడగానే గుడ్డ తీసింది. ఆ తరువాత రోజూ అదే వరస.

గదిలో అతనికి తోడుండే బాబీ స్టీలుప్లాంటులో కాంట్రాక్టు వెల్డరు. వంట అతని వంతు.

"ఏటి బావ, రోజూ సేపలేనా? నాను డ్యూటీకెల్లాలా, పొలుసు గీకుతా కూకోవాలా?"

గుణశేఖర్ సంగతి చెప్పాడు. బాబీ కత్తి పక్కన పెట్టాడు.

"కారులో వొచ్చినావిణ్ణి నిలబెట్టి నీ కోసం కూకుందా? మా అమ్మే నా కోసం అన్నం తినకండా ఆగదురా బావ. ఇంకేటి కావాల నీకు?"

గుణశేఖర్‌కు బోణీ అంటే తెలియక కాదు. ఒక చెయ్యి కలిసివస్తే ఆ చేతి కోసమే గంప మూసుకుని కూర్చుంటారని, పంటంతా ఒక్కసారిగా లారీకెత్తే ఇంట్లో పెరిగిన అతనికి ఎవరూ చెప్పలేదు. ఎదురుచూపును అతడు ప్రేమగా చదువుకున్నాడు. ఎదురుచూసే ఇళ్ళన్నీ రక్తం కోసమే చూస్తాయని తెలిసినవాడే ఈ పొరపాటు చేయడం వింతే. బహుశా తెలిసినందువల్లనే చేశాడేమో.

ఒక ఉదయం ధైర్యం తెచ్చుకుని అడిగేశాడు. "మీరు రోజూ నా కోసం ఎందుకు ఆగుతారు?"

రోజారమణి ఆశ్చర్యంగా చూసింది. "మీ సెయ్యి మంచిది గదండీ. మీరు బోణీ సేత్తే గంపలో ఒక్క సేప మిగల్దు."

పక్కనే వల సర్దుతున్న కోటి తలెత్తాడు. అతడు ఆమె మేనత్త కొడుకు. "ఏటి బాబూ, నానూ సూత్తన్నాను. నువ్వు రోజూ సేపలు సూడ్డానికొత్తన్నావా, దీని సేతులు సూడ్డానికొత్తన్నావా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. రోజారమణి నవ్వలేదు, మోచేతులు కొంగు కిందికి తీసుకుంది. గుణశేఖర్ అప్పుడే కొన్న నెత్తళ్ళ చేపల సంచీ అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయాడు. ప్రేమ అనుకున్నది ఆచారం అని తేలింది. అలవాటుగా చూసిన చూపు నలుగురి కంటికీ ఆశ అయింది. ఆ చూపులో ఆశ బొత్తిగా లేదని కూడా ప్రమాణం చేయలేకపోయాడు. మర్నాటి నుంచి చుట్టు తిరిగి వేరే దారిన వెళ్ళసాగాడు.

కొన్నాళ్ళకు ల్యాబు వాళ్ళు జాలరిపేటలో ఒక చిరునామా ఇచ్చారు. జ్వరంతో మంచం పట్టిన గంగాలమ్మ అనే ఆవిడ చెయ్యి చాపింది. ఆ చేతిని పట్టుకుని పక్కన కూర్చున్నది ఆమె కూతురు, రోజారమణి. గుమ్మంలో కోటి. గుణశేఖర్ ఎవరి ముఖమూ చూడకుండా వంగి, మోచేతి మడతను చాలాసేపు చూశాడు. వేలితో తడిమి, రబ్బరు పట్టీ బిగించాడు.

"అయిపోయిందా నాయినా? గుచ్చినట్టే నేదు," అంది గంగాలమ్మ.

కోటి తల గోక్కుంటూ బయటికి నడిచాడు. రోజారమణి సందు చివరిదాకా గుణశేఖర్ వెంట వచ్చింది.

"మీరు సూసేది నరాలా?"

"అలవాటైపోయిందండీ. ఎవర్ని చూసినా అంతే."

"కోటి బావ అన్నాడని నానూ అలాగే అనుకున్నాను. మరి నావి కనిపిత్తాయా?"

"ఎడమ చేతివి బాగా తేలి ఉంటాయి."

ఆ మాట అనవచ్చునో లేదో తెలియక అతడు డబ్బా మూత మళ్ళీ బిగించాడు.

"మీరు మానేసినకాడ్నించి కోటి బావ సేత బోణీ సేయిత్తన్నాను. రోజూ గంప కాళీ అయిపోతంది."

"అయితే నా చేతిలో ఏమీ లేదన్నమాట."

"నేదు." ఆమె కూడా అదే ఆలోచిస్తున్నట్టుంది. "అయినా గుడ్డ తీసేముందు రోడ్డుకేసి సూత్తన్నాను. ఎందుకో నాకూ తెలవట్లేదు."

ట్యూబు ఇంకా వెచ్చగా ఉంది; త్వరగా ల్యాబుకు చేర్చాలి. దారి పొడవునా అతడు ఆ మాటలను కూడుకున్నాడు, తీసివేసుకున్నాడు. కోటిని ఆమె బావ అనడంలో చుట్టరికం ఎంతో, పెళ్ళికి మాట ఇచ్చుకున్నది ఎంతో తేల్చుకోలేకపోయాడు. అయినవాళ్ళ చేత్తోనే గంప ఖాళీ అవుతుంటే తన కోసం రోడ్డు చూడడం దేనికి? చూసినా ఎందుకో ఆమెకే తెలియనప్పుడు, తనకు తెలిసే మార్గమేమిటి?

మర్నాడు పాత దారినే వెళ్ళాడు. గంప తెరిచి ఉంది. చేపలు సగానికి తగ్గాయి. కోటి ఎక్కడా లేడు.

"బోణీ అయిపోయింది," అంది రోజారమణి.

వెళ్ళమనడమో, ఉండమనడమో బోధపడక అతడు జేబులో చెయ్యి పెట్టాడు. "చేపలు ఇవ్వండి."

"అక్కర్లేదు."

ఆమె ఖాళీ ఐసు పెట్టెను బోర్లించి, కొంగుతో తడి తుడిచి, అతని వైపు జరిపింది.

"కూకోండి."

అతడు కూర్చున్నాడు. నీలం డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నాడు, తీసి కింద పెట్టాడు. ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.