పెట్టె మీద రెండో లైను

భిలాయి-3 నుంచి సుపేలా వెళ్లే ఆటోలో డ్రైవరు, నేను, స్టీలు ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన ఒకాయన, నా ఒళ్లో కంప్యూటరుకి తగిలించే రేడియో రిసీవరు పెట్టె. ఊళ్లో వచ్చే ఎఫ్ఎం బ్యాండంతా దాంతో ఒకేసారి రికార్డు చేస్తానని కాలేజీ ప్రాజెక్టులో రాసిచ్చాను. ఆ ఉదయం అందరి ముందూ చెయ్యలేకపోయాను. ఫెయిల్ చేశారు. ఆ రిసీవరు అమ్మినవాడితో తేల్చుకోవడానికి వెళ్తున్నాను.

"24 నుంచి 1700 మెగాహెర్ట్జ్ దాకా అని రాశాడు అంకుల్. పచ్చి మోసం," అన్నాను.

ఆయన పెట్టె తీసుకుని, కళ్లకి దూరంగా పట్టుకుని చదివాడు.

"నా క్రేను మిల్లు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరిగీది బాబూ. అలాగని మిల్లులో ఇనుమంతా ఒక్కసారే ఎత్తీసిందేటి? మాగ్నెట్ కింద ఎంతుంటే అంతే."

"అది వేరు, ఇది వేరు." పెట్టె లాక్కున్నాను.

"సరేలే. కొట్లాటకెళ్లీ ముందు రెండో లైను కూడా చదువుకో."

దిగేదాకా ఆయన మొహం చూడలేదు. షాపు మెట్ల మీద, పళ్లు కొరుక్కుంటూ చదివాను. ఎఫ్ఎం బ్యాండు వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఆ రెండో లైను ప్రకారం రిసీవరు ఒకేసారి పట్టగలిగేది 2.4.