విప్పిన గుడిసె

బడిపంతులుగా రిటైరయ్యాక మండల ఆఫీసు ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చుని, అడిగిన వాళ్లకు అర్జీలు రాసిపెట్టడం మొదలుపెట్టాను. పంతులు పొగరు ఎక్కడికి పోతుంది? నాలుగు చట్టాలు చదివి, నాకన్నీ తెలుసనుకునేవాణ్ణి.

అలా అర్జీకని నా దగ్గరికి వచ్చిన ఒకామెది మా ఊరే. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. భర్త లేడు, కూతురొకతి. సముద్రం ఒడ్డున పోరంబోకు జాగాలో ఇరవై ఏళ్లుగా తాటాకు గుడిసెలో ఉంటోంది. రోడ్డుకు అడ్డమని, ఖాళీ చేయమని మండల ఆఫీసు వాళ్లు నోటీసు ఇచ్చారు. పోరంబోకు అయినా సరే, మనిషి కాపురముంటున్న గుడిసెను ఊరికే పీకెయ్యడానికి వీల్లేదు. ఆమె జవాబు తీసుకోవాలి, విచారించాలి. ఆ సంగతే గట్టిగా రాసి ఇచ్చాను. విచారణకు తేదీ వేశారు. "నీ మాట వినేదాకా ఎవరూ గుడిసె జోలికి రారు" అని ధీమాగా చెప్పాను. ఆమె నమ్మింది.

విచారణ వారముందనగా తుఫాను హెచ్చరిక వచ్చింది. పెద్ద గాలి వస్తుందంటే మా ఒడ్డున గుడిసె మొత్తం మేమే విప్పేస్తాం. తాటాకులు కట్టలు కట్టి, వాసాలు దింపి, గుంజలు పీకి, అన్నీ ఇసుకలో పూడ్చి తుఫాను షెల్టరుకు పోతాం. గాలి తగ్గాక ఒక్క పూటలో మళ్లీ లేపుకోవచ్చు. ఆమె ఫోన్ చేసి, "విప్పేదా అన్నా?" అని అడిగింది. "అది కూడా అడగాలా? తొందరగా విప్పు" అని కసిరాను.

మూడో రోజు ఆమె షెల్టరు నుంచి వచ్చేసరికి జాగా చుట్టూ ముళ్లకంచె వేసేసి ఉంది. నేను ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడి ఉద్యోగి ఫోన్‌లో ఫోటో చూపించాడు. చదునైన ఇసుక తప్ప అందులో ఏమీ లేదు.

"మేమేం కూల్చలేదు సార్. ఆమే విప్పుకోని పోయినాది. ఖాళీ జాగాకి విచారణేంది?"

పోనీ, తుఫాను నష్టం జాబితాలోనైనా ఆమె పేరు రాయమన్నాను. అక్కడ ఇల్లుండేదని ఆ కాగితమైనా చెబుతుందని నా ఆశ.

"గాలికి పడుంటే రాసేవాళ్లం. పడలేదు గదా!"

నాకు ఒళ్లు మండింది. అతని మీద కంటే నా మీదే ఎక్కువ మండింది. విప్పే ముందు ఒక్క ఫోటో తీసి పెట్టుకోమని చెప్పాలని నాకు తోచలేదు. సెక్షన్ నంబర్లు మాత్రం గడగడా అప్పజెబుతాను.

పై అధికారికి రాశాం. ఇంకా తిరుగుతూనే ఉన్నాం. తల్లీకూతుళ్లు షెల్టరు వరండాలో తలదాచుకుంటున్నారు. అక్కడి నుంచి కూడా పొమ్మంటున్నారు. మొన్న కొత్త అర్జీ కింద వేలిముద్ర వేస్తూ ఆమె అడిగింది:

"గాలికి వదిలేసుంటే ఆకు పోయేది, జాగా నిలిచేది గదన్నా?"

అవుననాలి. విప్పమని కసిరిన నేను, అర్జీలో సెక్షన్ నంబరు సరిగ్గా ఉందో లేదో మళ్లీ చూసుకున్నాను.