మస్తానన్న అడిగిన శ్రుతి

మా పక్కింటి కోడలు మధ్యాహ్నం పూట కుట్టు మిషను తొక్కుతుంది. గోడ అవతల ఆ రొద మొదలవగానే నా చేతిలో పని ఆగిపోతుంది. టీ గ్లాసు పట్టుకుని ఉంటే అది చల్లారిపోవలసిందే. మిషను ఆమెదని తెలుసు. నా చెవికి మాత్రం అది ముత్తుకూరు బజారులో మస్తానన్న మిషనే. ఆయన పోయి ఏడాది దాటింది.

మస్తానన్న దర్జీ. పద్యనాటకాల్లో నాయకుడి వేషం కట్టేవాడు, రాజుల అంగీలూ సేనాపతుల నడికట్లూ తనే కుట్టేవాడు. నాకు హార్మోనీ వాయించడం ముందే వచ్చు గానీ, నాటకానికి వాయించడం నేర్పింది ఆయనే. మిషను తొక్కుతూ ఆ రొదలోంచే శ్రుతి పట్టుకుని పద్యం ఎత్తుకునేవాడు. రాగం ఎంతసేపు తీసినా, దిగేసరికి సరిగ్గా ఆ రొద మీదే వాలేవాడు. నేను వేళ్ల నేర్పు చూపించబోతే కత్తెరతో బల్ల మీద టకటకా కొట్టేవాడు.

"అట్ట ఎగరబాకబ్బయా. ఎగిరేది పాడేవాడు. నువ్వు నేల. నేల కదిలితే వాడు యాడ దిగతాడు?"

అప్పట్లో మేం ఎక్కువగా ఆడింది ఒకే నాటకం. రాజు కూతురు ఉప్పు కొఠారు కాపలావాణ్ణి ప్రేమిస్తుంది. ఆమెను కోరిన సేనాపతి కడుపుమంటతో వాణ్ణి పొడిపిస్తాడు. ఆమె సముద్రంలో కలిసిపోతుంది. ఎన్నిసార్లు ఆడినా ఆ సేనాపతిని చూస్తే నాకు అసహ్యమేసేది. కాపలావాడి వేషం మస్తానన్నది, రాజు కూతురి వేషం రాజ్యం అనే అమ్మాయిది. అల్లూరులో వరి చేలున్న కుటుంబం ఆమెది. నాటకాలకు అన్నలు ఒప్పుకోవడమే గొప్ప. ఆమె పద్యం ఎత్తుకుంటే నాకు ఊపిరాడేది కాదు. ఆ మాట ఆమెతో ఏనాడూ అనలేదు.

ఒకరోజు రిహార్సలుకు ముందుగానే మస్తానన్న కొట్టుకు పోయాను. రాజ్యం స్టూలు మీద కూర్చుని ఆయన అంగీకి గుండీలు కుడుతోంది. మస్తానన్న అంటున్నాడు:

"నెల్లూరు పోటీలో బహుమతి వొచ్చిందంటే అక్కడి నాటక సమాజమోళ్లు ఇద్దర్నీ తీసుకుంటామన్నారు. ఆడనే ఇల్లు చూస్తా. పెళ్లయినాక మీ అన్నలు ఏం జేస్తారు?"

నన్ను చూసి ఆయన మాట ఆపాడు. రాజ్యం మాత్రం నవ్వింది. "అన్నకి తెలిస్తే ఏమైంది? మనోడే గదా," అంది. ఆ 'అన్న' నేను. ఆ మాట గుండెలో ముల్లులా దిగింది.

పోటీ మధ్యాహ్నం పూట జరిగింది. మస్తానన్నకు ముందు రోజు నుంచీ జ్వరం. తెర వెనక నా పక్కకు వచ్చి చెవిలో చెప్పాడు.

"గొంతు బాలేదబ్బయా. శ్రుతి ఒక మెట్టు తగ్గించి పట్టు. ఇయ్యాల నన్ను కాపాడాల్సింది నువ్వే."

సరేనన్నాను. మూడు రంగాలు మాట నిలబెట్టుకున్నాను కూడా. చివరి రంగంలో కాపలావాడు చనిపోతూ పద్యం పాడాలి. రాజ్యం ఆయన తలను ఒడిలో పెట్టుకుంది. ఆమె కన్నీళ్లు నాటకానివి కావు. నేను తగ్గించిన మెట్టు ఎక్కించి, దాని పైన ఇంకొకటి ఎక్కించాను. ఏదో పూనకంలో చేశానని చెప్పుకోవచ్చు. కానీ కాదు, తెలిసే చేశాను.

మస్తానన్న ఒక్కసారి నా వైపు చూశాడు. శ్రుతి వదిలి పాడటం ఆయనకు చేతకాదు. నేను ఎక్కడ పట్టానో అక్కడికే ఎక్కాడు. పైస్థాయిలో గొంతు చీలింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. మళ్లీ అందుకోబోతే గాలి మాత్రమే వచ్చింది.

బహుమతి రాలేదు. ఆ గొంతు కూడా మళ్లీ రాలేదు. వాళ్లిద్దరి సంగతి తెలిసి రాజ్యం అన్నలు నెల తిరక్కుండా ఆమెను చిల్లకూరు సంబంధానికి ఇచ్చేశారు. ఆ తర్వాత ఆమె పాడినట్టు ఎవరూ చెప్పలేదు. మస్తానన్న పెళ్లే చేసుకోలేదు.

నిజం చెప్పడానికి నాకు పదేళ్లు పట్టింది. కొట్టు ముందు నిలబడి, "అన్నా, ఆ రోజు శ్రుతి..." అన్నాను. ఆయన మిషను ఆపి, మిగిలిన ఆ గుసగుస గొంతుతోనే అన్నాడు.

"తెలుసబ్బయా. నేల కదిలితే తెలీకుండా ఉంటదా?"

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే నిన్నింకెవురు పిలస్తారు? నా నోట్లో ఎట్టాగూ మట్టి పడింది. నీ నోట్లో గూడా ఎందుకని."

తిట్టి ఉంటే ఏడ్చి బయటపడేవాణ్ణి. ఆయన తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. గుడ్డ తిప్పుకుని మళ్లీ మిషను తొక్కాడు.

పాడేవాణ్ణి ఇబ్బంది పెట్టని హార్మోనిస్టు అని ఈ చుట్టుపక్కల నాకు పేరు. ఆ పేరు మీదే ఒకసారి శాలువా కూడా కప్పారు. వెనక వరసలో కూర్చుని మస్తానన్న చప్పట్లు కొట్టాడు. ఆ శాలువా ఇంతవరకు మడత విప్పలేదు.

ఇప్పటికీ తెర లేచే ముందు పాడేవాడి దగ్గరకు పోయి ఎంత శ్రుతి కావాలో అడుగుతాను. మళ్లీ ఒకసారి అడుగుతాను. "చెప్పాను గదా మాస్టారూ!" అని విసుక్కుంటారు. నిజమే, వాళ్లు చెప్పే ఉంటారు. తెర వెనక నాకు మాత్రం ఒక్క మాటే వినపడుతుంది. ఒక మెట్టు తగ్గించి పట్టబ్బయా.